కాదు అని వచ్చిన చీటీ

ఫ్యాక్టరీ క్వార్టర్లు, వెనక వరుస
ఫిబ్రవరి

అక్కా,

గెలిచాం! ‘గెలిచాను’ అని రాయబోయి నాలుక్కరుచుకున్నాను. నీ వాటా నీకివ్వకపోతే నా కళ్లు పోతాయి.

పోటీకి చీటీలు తీసినప్పుడు నాకు ‘కాదు’ వచ్చిందని ఏడుపుమొహంతో నీకు రాశాను కదా. ‘ఎండలూ వానలూ గతి తప్పడానికి మనిషే కారణం’ అన్న అంశం మీద కాదు అని వాదించడం, అదీ వాతావరణ కేంద్రంలో పనిచేసే మనిషికి చెల్లెల్నయ్యుండి! నువ్వేమో, ‘ఇంకా మంచిది, ఓడిపోయే వైపు నించుని గెలిస్తేనే మజా’ అని ఉపన్యాసం రాసి పంపావు. అమ్మతోడు, చదువుతుంటే నాకే నమ్మకం కుదిరిపోయింది.

అటువైపు కాలేజీ లెక్చరరు. గోడ మీద పటాలు, గీతలు వేసి చూపించాడు. నేను లేచి, “ఆయన గోడ చూపించారు, నేను మా వీధి చూపిస్తాను” అని మొదలుపెట్టాను. “ఎండ కొత్తదా అండీ? మా నాయనమ్మ కాలంలో కాకులు రాలి పడలేదా?” అన్నచోట హాలంతా ఈలలు. మా ఆయన డ్యూటీ దిగి అట్నించి అటే వచ్చేశారు, కనుబొమ్మల మీద బట్టీ దుమ్ము కూడా కడుక్కోలేదు. చప్పట్లు కొట్టకూడని చోటల్లా కొట్టి నా పరువు తీశారు.

కప్పు ఇచ్చింది మా పెంకుల ఫ్యాక్టరీ మేనేజరే. “ఇలాంటి గొంతు మాకు కావాలమ్మా” అన్నాడు. రేడియోవాళ్లు కూడా వచ్చే నెల చర్చకు రమ్మన్నారు. కాబట్టి అక్కా, ఇంకాసిని పాయింట్లు పడెయ్యి. రాసేది నువ్వని ఈయనకు కూడా చెప్పలేదు. నువ్వు రాయాలి, నేను చెప్పాలి, చదివాక చింపెయ్యాలి, మూడో మనిషికి తెలియకూడదు. మన చిన్నప్పటి ఒప్పందం తప్పలేదు.

నీ చెల్లి


కొండ మీది వాతావరణ కేంద్రం
ఫిబ్రవరి చివర

వాగుడుకాయకి,

నీ ఉత్తరాన్ని మా అటెండరు కూరగాయల సంచిలో వేసుకుని తెచ్చాడు. సగం అక్షరాలు తడిసిపోయినా నీ గోల స్పష్టంగానే వినపడింది. ఈ కొండ మీద ఫోను పలకదు కాబట్టి సరిపోయింది, లేకపోతే నా చెవులు పోయేవి.

గెలిచినందుకు సంతోషం. నువ్వు ఆ హాల్లో నిలబడి నా మాటలు అంటుంటే ఎలా ఉండేదో ఊహించుకుని, గాలి కొలతల బెలూన్ ఎగరేస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. నా సంగతి నీకు తెలుసు కదా. నలుగురు కనబడితే నాలుక మడత పడుతుంది. మొన్న ఆఫీసు సభలో వందన సమర్పణకు లేపారు. మైకు పట్టుకుని ‘వందనం’ అని కూర్చున్నాను. అదే చాలా గొప్ప ప్రసంగమని మా పెద్దసారు మెచ్చుకున్నారు. పిచ్చి మారాజు.

పాయింట్లు వేరే కాగితం మీద రాశాను. వాటిలో ఆఖరిది నా ముద్దుల బిడ్డ. అటువైపు వచ్చేవాడు మా శాఖ మనిషైతే, ఎండలు మండుతున్న రోజు చూసి ఇలా అడుగు: “ఇవాళ్టి ఎండ మీరు చెప్పే వాతావరణ మార్పు వల్లే వచ్చిందా? అవునా, కాదా? ఒక్క మాటలో చెప్పండి.” ఈ పని చేసేవాళ్లెవరూ ఒక్క రోజు ఎండను పట్టుకుని ఇది దానివల్లే అని ఒట్టేసి చెప్పరు. ఎప్పుడో ఒకసారి వచ్చే ఎండ ఇప్పుడు మాటిమాటికీ వస్తోందనీ, దానికి కారణం మనమేననీ చెబుతారు. అది చెప్పడానికి నాలుగు వాక్యాలు పడుతుంది. నువ్వు ఇచ్చేదేమో ఒక్క మాట. మనిషి ఎంత నిజాయితీపరుడైతే అంతగా నీళ్లు నములుతాడు. జనం దాన్నే ఓటమి అనుకుంటారు.

రాస్తుంటే నాకే ఒళ్లు పులకరించింది. కానీ ఒక మాట విను. ఇది ఆటకు పనికొస్తుంది. ఆట దాటితే మాత్రం వాడకు.

మరిదిని అడిగానని చెప్పు. చప్పట్లు ఎక్కడ కొట్టాలో నేర్పించు.

అక్క


ఫ్యాక్టరీ క్వార్టర్లు, ముందు వరుస
మార్చి

అక్కా,

పైన చూశావా, ముందు వరుస! రెండు గదులు, కిటికీకి వల, తలమీద తిరిగే ఫ్యాను. ఫ్యాక్టరీవాళ్లు నాకు ఉద్యోగం ఇచ్చారు. సభల్లో మాట్లాడటం, రేడియోకి వెళ్లడం, పేపరువాళ్లకు జవాబులు చెప్పడం. ఉద్యోగం నాది కాబట్టి క్వార్టరు నా పేరు మీదే ఇచ్చారు. ఇక నుంచి ఈ ఇంట్లో తను అద్దెకుంటానని ఈయన ఒకటే వేళాకోళం.

రేడియో చర్చ నువ్వు వినాల్సింది. మీ శాఖాయనే వచ్చాడు. తెల్లగడ్డం, మెత్తటి మనిషి. లోపలికి రాగానే ‘కూర్చో తల్లీ’ అని నాకే కుర్చీ జరిపాడు. పాపం అనిపించింది, కానీ బరిలోకి దిగాక పాపం ఏమిటి? నీ ముద్దుల బిడ్డను వదిలాను. అవునా, కాదా అన్నాను. ఆయన గొంతు సవరించుకున్నాడు. “అది అలా చెప్పేది కాదమ్మా” అన్నాడు. “అంటే కాదనేగా!” అన్నాను. కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. అంతసేపూ రేడియోలో ఏమీ వినపడలేదట. ఇక్కడ టీకొట్టు దగ్గర జనం గుంపుగా విని పగలబడి నవ్వారట. ఇప్పుడు వీధిలో పిల్లలు కూడా ఏం అడిగినా “అవునా, కాదా, ఒక్క మాటలో” అంటున్నారు.

ఈయన బట్టీ దగ్గర అందరికీ, “మా ఆవిడ చెప్పింది విన్నారా? ఎండలు ఎప్పుడూ ఉన్నవే” అని చెప్పుకుని తిరుగుతున్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నన్ను చూసి ఇంత పొంగిపోవడం ఇదే మొదటిసారి అక్కా. నా కాళ్లు నేల మీద ఆనడం లేదు.

ఇంకా పంపు.

చెల్లి


వాతావరణ కేంద్రం
మార్చి

చెల్లీ,

క్వార్టరు బాగున్నందుకు సంతోషం.

ఈసారి పాయింట్లు పంపడం లేదు. పని ఎక్కువగా ఉంది. ఎండ పెరిగింది. థర్మామీటర్లుండే తెల్లపెట్టె తలుపు తీస్తే ఆవిరి మొహానికి కొడుతోంది. అటెండరు కొండెక్కి రాగానే కూజా నీళ్లు నెత్తిన కుమ్మరించుకుంటున్నాడు.

ఇక చాలు అనిపిస్తోంది. కప్పు గెలిచావు, ఉద్యోగం వచ్చింది. ఇకపై ఎవరైనా పిలిస్తే గొంతు బాగాలేదని చెప్పు. నాకు ఒంట్లో బాగానే ఉంది, ఏవేవో ఊహించుకోకు. మరిది ఎలా ఉన్నాడు? బట్టీలోంచి కాలిన పెంకులు దింపడానికి ఇంకా మధ్యాహ్నాలే వెళుతున్నాడా?

అక్క


ముందు వరుస
ఏప్రిల్

అక్కా,

నీ ఉత్తరం చూసి ఒళ్లు మండింది. కోపమొస్తే తిట్టు, అలా తూచి తూచి రాయకు. నువ్వు నాలుగు ముక్కలు రాసిన రోజు నీ కడుపులో నలభై దాచుకున్నట్టు లెక్క.

చాలు అని ఎలా అంటావు? కొండ మీద కూర్చుని నీకు చెప్పడం తేలిక. నేను ఉద్యోగంలో చేరాను, సంతకం పెట్టాను. ఈ వారం ఒక చోట, వచ్చే వారం ఇంకో చోట. ప్రతి సభలోనూ పాత ముక్కలే చెబుతున్నానని మేనేజరు మొహం చిట్లిస్తున్నాడు. వచ్చే నెల ఒక పెద్ద సమావేశం ఉంది, దానికి కొత్త సరుకు కావాలట. నేనేమైనా చెట్లు నరుకుతున్నానా అక్కా? మాట్లాడుతున్నాను, అంతే. మాటలకి ఎండ పెరుగుతుందా? ఒక్కోసారి అనిపిస్తుంది, నీ మాటలకి నాకు చప్పట్లు పడుతున్నాయని నీకు కడుపుమంటేమో అని. రాశాక కొట్టేద్దామనుకున్నాను, కానీ కొట్టెయ్యను. చదువు.

ఈయన బాగానే ఉన్నారు. కాస్త నలతగా ఉంటే రెండు రోజులు ఇంట్లో ఉన్నారు. ఏదో తిన్నది పడలేదు.

గట్టిగా మాట్లాడటానికి లేదు ఇక్కడ. గోడకి అవతల మేనేజరు గుమాస్తా కుటుంబం. మేం దగ్గినా వాళ్లకు తెలుస్తుంది. ఫ్యాను ఉంది కానీ తలుపు తీసుకుని కూర్చునే వెనక వరుసే నయమనిపిస్తోంది. సరే, అది వేరే సంగతి. పాయింట్లు పంపు.

చెల్లి


వాతావరణ కేంద్రం
ఏప్రిల్

చెల్లీ,

కడుపుమంట అన్నావు కదా, సరే, ఉన్నదంతా కక్కేస్తాను.

నువ్వు రేడియోలో నీళ్లు నమిలించిన తెల్లగడ్డం ఆయన మా పెద్దసారు. నాకు ఈ పని నేర్పిన మనిషి. నా ‘వందనం’ మెచ్చుకున్న మనిషి. ఆ రోజు ఆయన కొండెక్కి వచ్చి బల్ల ముందు కూర్చుని, “ఆ అమ్మాయికి రాసిచ్చేవాడెవడో మనలో వాడే. మన బలహీనత ఎక్కడుందో చేత్తో తడిమినట్టు చూపించాడు” అన్నారు. నేను పక్కనే వానకొలత గ్లాసు తుడుస్తున్నాను. గ్లాసు పగలనందుకు ఆశ్చర్యపోయాను. తర్వాత ఆయన నా వైపు తిరిగి, “నువ్వు బాగా రాస్తావు కదమ్మా, దీనికి నువ్వే ఒక జవాబు తయారుచెయ్యి” అన్నారు. నా ప్రశ్నకు నేనే జవాబు వెతుక్కుంటూ కూర్చున్నాను చెల్లీ. ఆఫీసు కాగితం మీద, ఆఫీసు కలంతో. చెబితే ఉద్యోగం పోతుందని కాదు, ఆయన మొహం చూడలేక చెప్పలేదు.

ఇప్పుడాయన సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నారు. పాలకేంద్రానికి వెళితే కూడా ఎవరో ఒకరు “అవునా, కాదా” అంటున్నారట.

ఇక నీ సంగతి. ‘పెద్ద సమావేశం’ అన్నావు. అదేమిటో నిన్న వచ్చిన ఆర్డరు చూశాక తెలిసింది. మీ ఫ్యాక్టరీలో ఎండ దిగేదాకా బట్టీ దింపుడు ఆపాలని కార్మిక సంఘం పెట్టుకున్న అర్జీ మీద విచారణ. వాతావరణం మారింది, పాత పనివేళలు మార్చమని వాళ్లు అడుగుతున్నారు. ఏమీ మారలేదని మీవాళ్లు చెప్పాలి. చెప్పేది నువ్వు. మా శాఖ తరఫున సాక్ష్యానికి పెద్దసారు రానన్నారు కాబట్టి నన్ను వేశారు. నలుగురిలో నోరు పెగలని నన్ను!

‘తిన్నది పడలేదు’ అన్నావు. నా చెల్లెలు అబద్ధమాడితే వాక్యం పొట్టిగా ఉంటుంది. మరిదికి ఏమైంది? నిజం రాయి. రాయకపోతే సెలవు పెట్టి వచ్చి మీ గుమాస్తా గోడ దగ్గర నించుని అరుస్తాను.

అక్క


ముందు వరుస
మే మొదట్లో

అక్కా,

పడిపోయారు. బట్టీ వాకిట్లో, పెంకుల బండి చేతిలో ఉండగానే. ఒళ్లు కాలిపోతోంది గానీ చెమట లేదు. నీడకు లాగి నీళ్లు గుమ్మరించారు. సంఘం కార్యదర్శి, పచ్చిపెంకులు మోసే ఆవిడ, తన తడి చెంగు ఆయన మొహం మీద వేసి కూర్చుందట. నన్ను అప్పుడు పక్క ఊరి సభకు తీసుకెళ్లారు. “ఎండకు భయపడేవాళ్లం కాదు మనం” అని మైకులో చెబుతున్నాను. తిరిగొచ్చేసరికి ఆయన మంచం మీద కూర్చుని, “ఏం కాలేదు, పొద్దున తినలేదు, అంతే” అని నవ్వారు. తర్వాత ఇంకోసారి తూలారు. దాన్ని నాకు చెప్పనే లేదు, కార్యదర్శి చెప్పింది.

నేను మానేస్తానని మేనేజరు దగ్గరకు వెళ్లాను. కుర్చీ వేయించాడు, నీళ్లు ఇప్పించాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. “మానెయ్యమ్మా, నీ ఇష్టం. క్వార్టరు నీ పేరు మీదుంది కదా, అదొక్కటి చూసుకో. మీ ఆయన పని సంగతి కూడా ఆలోచించుకో. ఇన్నాళ్లూ కాదన్న మనిషివి ఇప్పుడు అవునంటే ఎవరు నమ్ముతారు? డబ్బు తిని మాట మార్చిందంటారు.” అతను బెదిరించలేదక్కా, ఉన్నమాటే చెప్పాడు. అందుకే నాకు భయమేసింది.

ఇంట్లో ఊపిరాడటం లేదు. పొద్దున లేస్తే కిటికీ వల, గుమాస్తా దగ్గు, గోడ మీద నా ఫొటో ఉన్న పేపరు ముక్క. ఈయనే అంటించారు. మధ్యాహ్నం గంట మోగగానే తలకు గుడ్డ చుట్టుకుని వెళ్లిపోతారు. వద్దంటే, “నువ్వే అలా అంటే నలుగురూ ఏమంటారు?” అంటారు. ఇంట్లో వాదనలు సాధన చేసేటప్పుడు నా వైపు ఒకసారి, ఎదుటివాళ్ల వైపు ఒకసారి చెబుతాను కదా. ఆయన పీట వేసుకుని కూర్చుని రెండూ వింటారు. ఎదుటి వైపు చెప్పినప్పుడు కావాలని ఆవులిస్తారు.

నాకు ఒక్కటే దారి తోస్తోంది. విచారణలో నేను నోరు తెరవను. గొంతు పోయిందంటాను. నిన్ను ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఉండరు. నీ నాలుగు వాక్యాలూ నువ్వు నిదానంగా చెప్పుకో. కార్యదర్శి ఈయన్ని కూడా సాక్షిగా పిలుస్తోంది. పడిపోయిన మనిషి కదా, ఆయన జరిగింది చెబితే చాలు. మనం అక్కచెల్లెళ్లమని ఫ్యాక్టరీలో ఈయనకు తప్ప ఎవరికీ తెలియదు. నువ్వు నాతో మాట్లాడకు.

పోయిన ఉత్తరంలో నీ మీద అలా రాసినందుకు నా చేతులు విరగ్గొట్టు.

చెల్లి


వాతావరణ కేంద్రం
మే

చెల్లీ,

చేతులు విరగ్గొడితే నాకు ఉత్తరాలెవరు రాస్తారు? ఊరుకో.

నువ్వు చెప్పినట్టే చేద్దాం. నాలుగు వాక్యాలు తయారుగా ఉన్నాయి. రోజూ బెలూన్ ముడి వేస్తూ పైకి చదువుతున్నాను. గిన్నెలో ఉప్పు ఎక్కువ పడితే ప్రతి ముద్దా ఉప్పగానే ఉంటుంది. ఈ ముద్ద ఉప్పగా ఉన్నది ఏ రవ్వ వల్ల అని అడిగితే చెప్పలేం. అంతమాత్రాన ఉప్పు ఎక్కువ పడలేదని కాదు. ఇదే చెబుతాను. అటెండరు విని బాగుందన్నాడు. కానీ అతను ఒక్కడు. అక్కడ హాలు నిండా ఉంటారు.

మరిదిని మజ్జిగో, ఉప్పునీళ్లో తాగించకుండా గుమ్మం దాటనివ్వకు. నాకు భయంగా ఉంది. విచారణ గురించి కాదు, అతని గురించి.

అక్క


బస్టాండు పక్కన లాడ్జి
మే, విచారణ రోజు

చెల్లీ,

కొండెక్కే బస్సు పొద్దున్న గానీ లేదు. అందుకే ఇక్కడ ఉన్నాను. మీ ఇల్లు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది, కానీ రాలేను.

నువ్వు మెడకు గుడ్డ చుట్టుకుని, తల దించుకుని కూర్చుంటే, మన పథకం పారిందనే అనుకున్నాను. మేనేజరు లేచి, “మా వక్తకు గొంతు బాగాలేదు, ఫరవాలేదు, రేడియో రికార్డింగు ఉంది” అని మీట నొక్కాడు. నీ గొంతు. ఎంత బాగుంటుందే నీ గొంతు! ‘అవునా, కాదా, ఒక్క మాటలో చెప్పండి’ అని హాలంతా వినపడింది. నువ్వు నోరు మూసుకుని నన్నే చూస్తున్నావు, నీ గొంతు నన్ను అడుగుతోంది. అడిగిన ప్రతి అక్షరం నేను రాసిందే.

ఉప్పు, గిన్నె, ముద్ద అన్నీ ఎగిరిపోయాయి. ‘కాదు... అంటే కాదు అని కాదు...’ అన్నాను. జనం నవ్వారు. కార్మిక అధికారి ‘కాదు అన్నారు, రాసుకోండి’ అని టైపు చేసేవాడికి చెప్పాడు. మళ్లీ నోరు తెరిచేసరికి కూర్చోమన్నారు.

మరిది సాక్ష్యం విన్నాను. దాని గురించి నేనేమీ రాయను. అతన్ని ఎలాగైనా ఆపు. నీ చేతిలో ఉన్నది ఇంక అదొక్కటే. మనం చెప్పింది తప్పు అని చెప్పు, నా పేరు చెప్పు. ఒప్పందం ఇక లేదు. ఈ ఉత్తరాన్ని చింపకు.

అక్క


ముందు వరుస
మే చివర

అక్కా,

అర్జీ కొట్టేశారు. పాత వేళలే ఉంటాయని నోటీసు అంటించారు. మేనేజరు ఇంటికొచ్చి నా గొంతు ఎలా ఉందని పరామర్శించి వెళ్లాడు.

ఈయన సాక్ష్యం గురించి నువ్వు రాయనన్నావు, నేనే రాస్తాను. లోపల పెట్టుకోలేకపోతున్నాను. కార్యదర్శి ఎంతో ఆశగా, “ఆ రోజు నీకేమైందో చెప్పన్నా” అంది. ఆయన నించుని చొక్కా సర్దుకుని, “ఎండ కొత్తదా అండీ? మా నాయనమ్మ కాలంలో కాకులు రాలి పడలేదా?” అన్నారు. మొత్తం అప్పజెప్పారు, ఒక్క ముక్క పోకుండా. కళ్లు తిరిగింది పొద్దున తినక అన్నారు. చెబుతూ చెబుతూ నా వైపే చూశారక్కా, బాగుందా అన్నట్టు. నాకు గొంతు పోయిందని నిజంగానే నమ్మి, నా బదులు తను చెప్పారు. ఆ ఇరుకు కుర్చీలో కూర్చుని నేను తల ఊపలేదు, తిప్పలేదు. కార్యదర్శి తన చెంగు సర్దుకుని వెళ్లిపోయింది.

నీ ఉత్తరం అందగానే ఆయన్ని పీట వేసి కూర్చోబెట్టాను. గుమాస్తా వింటే విననీ అనుకున్నాను. చీటీలో ‘కాదు’ రావడం దగ్గర్నుంచి చెప్పాను. నేను ఏనాడూ అది నమ్మలేదన్నాను. రాసింది మా అక్క అన్నాను. పగలబడి నవ్వారు. “మీ అక్క ‘కాదు’ అన్న ముక్క కూడా సరిగ్గా అనలేకపోయింది, ఆవిడ రాసిందా నీ ఉపన్యాసాలు? ఆవిడ ఓడిపోయిందని బాధపడి గొప్ప ఆవిడకు కట్టబెడుతున్నావు. నీది మంచి మనసు” అన్నారు. నీ పాత ఉత్తరాలన్నీ చింపేశాను కదా. మిగిలిన చివరిది చేతికిచ్చాను. చదివి మడిచి, “ఓడినవాళ్లకు బాధ ఉంటుంది పాపం” అని తిరిగి ఇచ్చారు.

అప్పుడు ఏడుస్తూ మొత్తం మళ్లీ చెప్పాను. ఎండలు మారాయని, ఇదివరకటి ఒళ్లు ఈ ఎండకు చాలదని, మీరు చచ్చిపోతారని. ఆయన కళ్లార్పకుండా విన్నారు. ఈసారి నమ్మారనుకున్నాను. నేను ఆపగానే చప్పట్లు కొట్టారు. “అబ్బ! అటువైపు వాదన ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు నువ్వు. నాకే వణుకు పుట్టింది. ఈసారి ఏ చీటీ వచ్చినా నీదే కప్పు” అన్నారు.

సాధన కాదండీ, నిజం అన్నాను. “అదిగో, ఆ ‘నిజం’ అన్నచోట గొంతు ఇంకాస్త తగ్గించు” అన్నారు.

ఈ నాలుగు రోజులూ నేను ఎలా చెప్పినా వాదనలాగే ఉంటోంది. అరిస్తే ఉపన్యాసమంటారు. మెల్లగా చెబితే ఇది కొత్త పద్ధతా అంటారు. మాట్లాడకుండా తలుపుకు అడ్డం నిలబడితే నన్ను పక్కకు జరిపి, తల నిమిరి వెళుతున్నారు. నన్ను అంతగా నమ్మే మనిషి నా మాట ఒక్కటీ నమ్మడం లేదక్కా.

ఇప్పుడే గంట మోగింది. ఆయన తలకు గుడ్డ చుట్టుకుంటున్నారు. ఊరంతా నమ్మే మాటలు రాసిచ్చావు నాకు. ఇప్పుడు ఒక్క మనిషి నమ్మేది ఒక్కటి రాసి పంపు. ఇవాళ్టికి అందదని తెలుసు. అయినా పంపు.

చెల్లి